మిల్లు మెయిల్ నిండింది, ఆర్డర్లు వెనక్కి పోతున్నయ్ – ఒకటే ఐడీ నలుగురు వాడితే ఎట్ల సర్దుకోవాలె?

మిల్లు_లెక్కలు (మిర్యాలగూడ)

అందరికీ నమస్తే. రైస్ మిల్లు ఆఫీసు, ఒకటే జీమెయిల్ ఐడీ. పాస్‌వర్డ్ నలుగురి దగ్గర ఉంటది: అకౌంట్స్, డిస్పాచ్, ఓనర్ సారు, ఆడిటర్ దగ్గర పనిచేసే పిల్లగాడు. ఇప్పుడు మూడు తిప్పలు.

ఒకటి, 15 జీబీ నిండింది. మెయిల్ పెడితే వాపస్ వస్తుందని పార్టీలు ఫోన్లు చేస్తున్నరు. రెండు, ఒకరు తెరిస్తే చదివినట్టు అయిపోతది, మిగతావాళ్లు ఎవరో చూసుకున్నరని ఊకుంటరు, ఆర్డరు ఆడనే పడి ఉంటది. మూడు, డిస్పాచ్ చూసే అబ్బాయి మానేసిండు. ఆయన ఫోన్ల ఈ ఐడీ ఇంకా నడుస్తుందో లేదో తెల్వదు.

పైసలు పెట్టి స్టోరేజీ కొనుడు తర్వాత సంగతి. ముందుగాల ఏది చేయాలె?

పాలమూరు_సిస్టమ్స్ (మహబూబ్‌నగర్)

మూడోది ఫస్ట్. పావుగంట పని, కంప్యూటర్‌ల చేయాలె. అందరూ ఉరికి పాస్‌వర్డ్ మారుస్తరు, అది చివర చేయాల్సిన పని. ఎందుకంటే ఎవరన్న ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే పాస్‌వర్డ్ మార్చినా మెయిళ్లు వాళ్లకు పోతనే ఉంటయ్.

వరుస ఇది. జీమెయిల్‌ల కుడిపక్క పైన గేర్ గుర్తు, సీ ఆల్ సెట్టింగ్స్. అక్కడ "ఫార్వర్డింగ్ అండ్ పాప్/ఐమ్యాప్" ట్యాబ్ తెరిచి, తెలియని అడ్రస్ ఉంటే తీసెయ్యుండ్రి. పక్కనే "ఫిల్టర్స్" ట్యాబ్ (వచ్చిన మెయిల్‌ను బట్టి దానంతట అదే పనిచేసే రూల్స్). ఒక్కొక్క ఫిల్టర్ చదవాలె, "ఫార్వర్డ్ టు" అని ఎక్కడన్న ఉందా చూడాలె. మొదటి ట్యాబ్‌ల ఫార్వర్డింగ్ ఆఫ్ ఉన్నా ఇక్కడి ఫిల్టర్ పంపుతుండొచ్చు. "అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్" ట్యాబ్‌ల గ్రాంట్ యాక్సెస్ దగ్గర ఎవరి పేరన్న ఉందా చూడుండ్రి.

తర్వాత గూగుల్ అకౌంట్, సెక్యూరిటీ. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ ఎవరివో చూడుండ్రి. పాతాయన నంబరు ఉంటే మీరు పెట్టిన కొత్త పాస్‌వర్డ్‌ను ఆయన మళ్లీ మార్చగలడు. అది సరిచేసినంక పాస్‌వర్డ్ మార్చాలె. ఆ పైన "యువర్ డివైసెస్"ల మిగిలిన తెలియని ఫోన్లను సైనౌట్ చేయాలె, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టినంక ఫోన్‌ల కూడా అడిగేది) ఆన్ చేయాలె. 10 బ్యాకప్ కోడ్‌లు వస్తయ్, ఒక్కొక్కటి 8 అంకెలు, ఒక్కసారే పనిచేస్తది. ప్రింట్ తీసి బీరువాల పెట్టుండ్రి. అదే మెయిల్‌ల సేవ్ చేసుకుంటే ఏం లాభం లేదు, లోపలికి పోలేనప్పుడే కదా కోడ్ కావాల్సింది.

మిల్లు_లెక్కలు

అన్నా, ఫార్వర్డింగ్ ఏం లేదు. కానీ రికవరీ ఫోన్ మాత్రం ఆ అబ్బాయిదే ఉంది. తీసేసి ఓనర్ సారు నంబర్ పెట్టినం. ఒక డౌట్: టూ స్టెప్ ఆన్ చేస్తే మేం లాగిన్ అయినప్పుడల్లా ఓనర్ సారు ఫోన్‌కు అడుగుతుంది. ఆయన పొద్దంత కొనుగోళ్ల మీద తిరుగుతడు.

వనపర్తి_ఆఫీసు (వనపర్తి)

పాస్‌వర్డ్ పంచుకునే అలవాటు బంద్ చేస్తే ఆ డౌటే ఉండదు. జీమెయిల్‌ల డెలిగేషన్ అని ఉంది (పాస్‌వర్డ్ ఇయ్యకుండనే వేరేవాళ్లను మన మెయిల్ వాడనిచ్చుడు), ఫ్రీ అకౌంట్‌కు కూడా ఇస్తరు. సెట్టింగ్స్, అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్, "గ్రాంట్ యాక్సెస్ టు యువర్ అకౌంట్", యాడ్ అనదర్ అకౌంట్. మీ దగ్గర అకౌంట్స్ చూసే ఆయన సొంత జీమెయిల్ ఐడీ అందుల ఇస్తే ఆయనకు ఒక మెయిల్ పోతది. వారంలోపల అందులోని లింకు నొక్కి ఒప్పుకోవాలె, లేకుంటే లింకు చెల్లదు. ఒప్పుకున్నంక అమల్లోకి రావడానికి ఒక్కోసారి ఒకరోజు పడ్తది, గాబరా పడొద్దు.

ఇక ఎవరి ఐడీతో వాళ్లు లాగిన్ అయి, పైన తమ ఫోటో నొక్కితే మిల్లు మెయిల్ వేరే ట్యాబ్‌ల తెరుచుకుంటది. చదవొచ్చు, పంపొచ్చు, డిలీట్ చేయొచ్చు. పాస్‌వర్డ్ మాత్రం మార్చలేరు. మామూలు అకౌంట్‌కు 10 మంది దాకా ఇవ్వొచ్చు. మనిషి మానేసిన రోజు ఆయన పేరు పక్కన డిలీట్ నొక్కితే అయిపోయింది, మిగతా ముగ్గురికి కొత్త పాస్‌వర్డ్ చెప్పే పనిలేదు. పంపిన మెయిల్ కింద ఎవరు పంపిండ్రో పేరు కనిపించాల్నా వద్దా అన్నది కూడా అక్కడనే ఎంచుకోవచ్చు. పేరు కనిపించేటట్టే పెట్టుండ్రి, రేపు "నేను పంపలే" అనే మాట రాదు.

పాలమూరు_సిస్టమ్స్

వనపర్తి అన్న చెప్పింది కరెక్ట్. ఒక్క మాట కలుపుత: ఆఫీసు స్కానర్ నుంచి నేరుగా మెయిల్ పోయేటట్టు పెట్టుకుని ఉంటే పాస్‌వర్డ్ మార్చంగనే అది ఆగిపోతది. అది తర్వాత మాట్లాడుకుందాం, ఇప్పుడు స్టోరేజీ.

15 జీబీ అంటే మెయిల్‌కు ఒక్కదానికే కాదు. జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ కలిపి. మెయిళ్లు తీసుడు మొదలుపెట్టే ముందు గూగుల్ అకౌంట్ స్టోరేజీ పేజీల ఏది ఎంత తిన్నదో చూడుండ్రి. ఆఫీసు ఐడీ ఎవరి ఫోన్లనన్న మెయిన్ అకౌంట్‌గా ఉంటే పెండ్లి ఫోటోలు, వీడియోలు అన్నీ దీంట్లకే ఎక్కుతయ్. ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఈ 15 జీబీలోనే లెక్క. 2023 డిసెంబర్ దాకా దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, అందుకే చాలామందికి ఉన్నట్టుండి నిండినట్టు అనిపిస్తది.

ఫోటోలు తీసేటప్పుడు జర పైలం. ఫోటోస్ యాప్‌ల డిలీట్ చేస్తే బ్యాకప్ కాపీ, ఫోన్ల కాపీ రెండూ పోతయ్. "ఫ్రీ అప్ స్పేస్" అనేది పూర్తి ఉల్టా: ఫోన్ల నుంచి తీసేస్తది, గూగుల్‌ల అట్లనే ఉంచుతది. దాన్ని ఎన్నిసార్లు నొక్కినా మీ 15 జీబీ తగ్గదు. ముందు ఆ ఫోన్ల బ్యాకప్ ఆపి, ఫోటోలు కంప్యూటర్‌లకు దించుకుని, ఆ తర్వాతనే తీయాలె.

ఇక మెయిళ్లు. సెర్చ్ డబ్బా కుడి చివర చిన్న గీతల గుర్తు ఉంటది, నొక్కితే ఫారం తెరుచుకుంటది. సైజ్ దగ్గర "గ్రేటర్ దాన్" 10 ఎంబీ వేసి "హ్యాజ్ అటాచ్‌మెంట్" టిక్ పెట్టి వెతకాలె. పెద్దవి బయటపడతయ్. తర్వాత 5 ఎంబీ. రెండు లైన్ల మెయిళ్లు వెయ్యి తీసినా జాగ ఏం రాదు, కాబట్టి వాటి జోలికి పోవద్దు.

మిల్లు_లెక్కలు

మస్తు తీసేసినం అన్నా. అయినా మీటర్ 15 దగ్గరనే ఉంది!

జడ్చర్ల_స్టోర్స్ (జడ్చర్ల)

ట్రాష్ ఖాళీ చేసిండ్రా? డిలీట్ చేసినవి ట్రాష్‌ల 30 రోజులు ఉంటయ్, అన్ని రోజులూ స్టోరేజీల లెక్కే. ట్రాష్ తెరిచి "ఎంప్టీ ట్రాష్ నౌ" నొక్కాలె. స్పామ్ కూడా అంతే. ఫోటోస్‌కు, డ్రైవ్‌కు వేరే ట్రాష్‌లు ఉంటయ్. ఇంకోటి, ఆర్కైవ్ చేస్తే ఇన్‌బాక్స్ నుంచి పక్కకు జరుగుతది గానీ జాగ తగ్గదు.

పైన టిక్ పెడితే ఆ పేజీల కనిపించే 50 మాత్రమే సెలెక్ట్ అయితయ్. వెంటనే "సెలెక్ట్ ఆల్ కన్వర్జేషన్స్ దట్ మ్యాచ్ దిస్ సెర్చ్" అని నీలం లైన్ వస్తది, దాన్ని నొక్కితేనే మొత్తం. నొక్కే ముందు సెర్చ్ ఫలితాలు ఒకసారి కిందికి జరిపి చూడుండ్రి.

పార్టీలకు వాపస్ వచ్చిన మెయిల్‌ల నంబర్ అడుగుండ్రి. 452 4.2.2 అని ఉంటే మీ డబ్బా నిండిందని అర్థం. 4తో మొదలయ్యేవి తాత్కాలికం, వాళ్ల సర్వర్ కొంతకాలం మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తది, ఈలోగా మీరు ఖాళీ చేస్తే ఆ మెయిల్ దానంతట అదే వచ్చి పడ్తది. 5తో మొదలైతే అది ఇక రాదు, మళ్లీ పంపమని చెప్పాల్సిందే. 552 5.2.2 కూడా నిండిందన్నదే, కానీ శాశ్వతంగా వాపస్. 550 5.1.1 అంటే అసలు ఆ అడ్రసే లేదు, వాళ్లు స్పెల్లింగ్ తప్పు కొట్టిండ్రు.

నల్లగొండ_ట్యాక్స్ (నల్లగొండ)

తీసేయడం మొదలుపెట్టిన వాళ్లు కాస్త ఆగండి. జీఎస్టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం లెక్కలు, రికార్డులు ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. ఇన్‌వాయిస్ పీడీఎఫ్ మెయిల్‌లో మాత్రమే ఉంటే ఆ మెయిల్ తీసేయడమంటే రికార్డు తీసేయడమే. ముందు గూగుల్ టేకౌట్‌లో మెయిల్ ఒక్కటి ఎంచుకుని కాపీ దించుకోండి. ఎంబాక్స్ ఫైలు వస్తుంది, ఉచితంగా దొరికే థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో తెరవవచ్చు. ఫైలు తెరుచుకుందని చూశాకే డిలీట్.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. సెక్షన్ 169లో నోటీసు ఇచ్చే పద్ధతులు ఉన్నాయి. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన మెయిల్‌కు పంపడం వాటిలో ఒకటి. అంటే మెయిల్ చూడలేదన్న మాట అక్కడ నిలబడదు. పోర్టల్‌లో ఉన్న మెయిల్ ఐడీ ఎవరిది? చాలా మిల్లుల్లో, షాపుల్లో రిజిస్ట్రేషన్ చేయించిన రోజు జీఎస్టీ పనులు చూసే ప్రాక్టీషనరు ఐడీయే ఇచ్చేసి ఉంటారు. ప్రాక్టీషనరు మారితే ఓటీపీలూ నోటీసులూ పాతాయనకే వెళ్తుంటాయి. పోర్టల్‌లో నాన్ కోర్ అమెండ్‌మెంట్ కింద సైన్ చేసేవారి మెయిల్, ఫోన్ మార్చుకోవచ్చు.

నెలనెలా రిటర్ను వేసేవారికి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు మరుసటి నెల 11, 2బీ (అమ్మినవాళ్లు చూపిన మన కొనుగోళ్ల జాబితా) వచ్చేది 14, 3బీ (పన్ను కట్టే రిటర్ను) గడువు 20. కొనుగోలు ఇన్‌వాయిస్‌ల మెయిళ్లన్నీ ఒక లేబుల్ కింద చేరేలా పెట్టుకుంటే 14న 2బీతో పోల్చడం గంట పని. ఆదాయపు పన్ను శాఖ పేరుతో నోటీసు వస్తే అందులో డిన్ (ఆ నోటీసును గుర్తించే ప్రత్యేక నంబరు) ఉంటుంది, 2019 అక్టోబర్ 1 నుంచి తప్పనిసరి చేశారు. మెయిల్‌లోని లింకు నొక్కకుండా ఈ-ఫైలింగ్ పోర్టల్ మీరే తెరిచి, "ఆథెంటికేట్ నోటీస్" దగ్గర ఆ నంబరు వేసి చూడండి.

వనపర్తి_ఆఫీసు

రెండో తిప్పల సంగతి ఎవరూ మాట్లాడలే. చదివిందా చదవలేదా అన్నది గుర్తు కాదు, నలుగురు చూసే డబ్బాల దాన్ని నమ్మొద్దు. మనిషి పేరు మీద లేబుల్ పెట్టుండ్రి: "అకౌంట్స్", "డిస్పాచ్", "ఓనర్ చూడాలె". పొద్దున ఒక్క మనిషి ఇన్‌బాక్స్ తెరిచి ఒక్కొక్కదానికి లేబుల్ వేసి ఇన్‌బాక్స్ నుంచి తీసేయాలె. పనైన మనిషి తన లేబుల్ తీసేయాలె. లేబుల్ కింద మిగిలింది అంటే పని మిగిలినట్టు.

జడ్చర్ల_స్టోర్స్

నేను ఒప్పుకోను. పంచే మనిషి సెలవు పెడితే మొత్తం ఆగుతది. ఫిల్టర్‌కు వదిలేయుండ్రి. ధాన్యం, బియ్యం పార్టీల అడ్రస్‌లు వేసి డిస్పాచ్ లేబుల్, "ఇన్‌వాయిస్" అనే మాట ఉన్నవి అకౌంట్స్ లేబుల్. ఫిల్టర్ చేసేటప్పుడు "ఆల్సో అప్లై టు మ్యాచింగ్ కన్వర్జేషన్స్" టిక్ పెడితే పాతవాటికి కూడా పడ్తది.

వనపర్తి_ఆఫీసు

ఫిల్టర్ వద్దనలే భాయ్. "స్కిప్ ద ఇన్‌బాక్స్" టిక్ పెట్టొద్దు అంటున్న. ఒకే మెయిల్‌ల ఆర్డరూ, పాత ఇన్‌వాయిస్ తకరారూ రెండూ రాస్తరు మన పార్టీలు. ఫిల్టర్ దాన్ని అకౌంట్స్‌ల పడేస్తది, డిస్పాచ్ వాళ్ల కంటనే పడదు. ఫిల్టర్ లేబుల్ వేయనియ్యుండ్రి, ఇన్‌బాక్స్‌ల నుంచి మనిషే తీయాలె. బ్యాంకు స్టేట్‌మెంట్లకు, పోర్టల్ ఆటోమేటిక్ మెయిళ్లకు మాత్రం స్కిప్ పెట్టుకోండ్రి, నష్టం లేదు.

పాలమూరు_సిస్టమ్స్

నా ఓటు వనపర్తికే. సబ్జెక్ట్ సంగతి కూడా చెప్పుకోవాలె. "బిల్లు", "అర్జెంట్", "హాయ్ సార్" అని పెడితే ఆర్నెల్ల తర్వాత వెతికితే దొరకదు. "ఇన్‌వాయిస్ 214 – లారీ నంబరు – 25 టన్నులు – తేదీ" అన్నట్టు రాస్తే ఏ ముక్కతో వెతికినా దొరుకుతది. కొత్త సంగతికి పాత మెయిల్‌కు రిప్లై కొట్టొద్దు, రెండూ ఒకే మెయిళ్ల వరుసల కలిసిపోయి కొత్త ఆర్డర్ పాత ఆర్డర్ కింద దాక్కుంటది. రోజూ పంపే లోడింగ్ సమాచారం టెంప్లేట్‌గ పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌ల టెంప్లేట్స్ ఎనేబుల్ చేస్తే మెయిల్ రాసే డబ్బా కింద మూడు చుక్కల దగ్గర వస్తది. అన్‌డూ సెండ్ 5 సెకండ్లు ఉంటది, 30 చేసుకోండ్రి. తప్పు పార్టీకి రేటు పోకుండా ఆపేది అదే.

గద్వాల_చీరలు (గద్వాల)

ఇక్కడ వేరే బాధ. డిజైన్ ఫోటోలు 20 పెడితే పోవు, లేకుంటే డ్రైవ్ లింకు అయితది, ఆ లింకు పార్టీకి తెరుచుకోదు. జీమెయిల్ 25 ఎంబీ అంటున్నది, నావి 21 ఎంబీయే.

జడ్చర్ల_స్టోర్స్

25 అన్నది కోడింగ్ అయినంక లెక్క. అటాచ్‌మెంట్ పంపేటప్పుడు అక్షరాలుగ మార్చి పంపుతరు, దాంతో సైజు మూడో వంతు పెరుగుతది. 21 పెడితే 28 అయితది. జీమెయిల్‌ల 18 దాటకుండ చూసుకోండ్రి. అవతలి కంపెనీ సర్వర్ 10 ఎంబీకే ఆపేయొచ్చు, పెద్ద కొనుగోలుదారులతోని అది ముందే అడుగుండ్రి.

లింకు తెరుచుకోకపోవుడు పర్మిషన్ సమస్య. డ్రైవ్‌ల మామూలుగ "రెస్ట్రిక్టెడ్" ఉంటది. పార్టీ మెయిల్ ఐడీని షేర్‌ల చేర్చుండ్రి. "ఎనీవన్ విత్ ద లింక్" పెడితే ఆ లింకు ఎవరి చేతికి పోయినా తెరుచుకుంటది, కొత్త డిజైన్లకు అది మంచిది కాదు. అసలు చూపించుడుకు ఫోటో పొడవు 1600 పిక్సెళ్లు చేస్తే చాలు, ఫోటో అర ఎంబీ చుట్టుపక్కల ఉంటది. జరీ అంచు దగ్గరి ఫోటో ఒక్కటి మాత్రం పూర్తి సైజుల పంపుండ్రి, పార్టీ చూసేది అదే.

దేవరకొండ_డీటీపీ (దేవరకొండ)

ఫైళ్ల మాట వచ్చింది కాబట్టి. అను ఫాంట్లల కొట్టిన తెలుగు వర్డ్ ఫైల్‌ను అట్లనే మెయిల్‌ల పెడితే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌ల పిచ్చి గీతలు కనిపిస్తయ్. పీడీఎఫ్ చేసి పంపుండ్రి, ఫాంటు దాంట్లనే కలిసిపోతది. వాళ్లు దిద్దాల్సి ఉంటే యూనికోడ్‌లకు (ఏ కంప్యూటర్‌లనైనా కనిపించే తెలుగు అక్షరాలు) మార్చి పంపాలె. యూనికోడ్ అయితే సబ్జెక్ట్‌ల కూడా తెలుగే రాసుకోవచ్చు, అవతల సరిగ్గనే కనిపిస్తది.

మా దగ్గర అప్లికేషన్లు పెట్టించుకునే పిల్లలకు ఒక మాట: సెంటరు మెయిల్ ఐడీ రాయనీయొద్దు. దోస్త్ (డిగ్రీ అడ్మిషన్లు) అయినా ఎప్‌సెట్ అయినా మీ సొంత ఐడీ, మీ సొంత నంబరే. ఐడీ లేకుంటే అక్కడనే చేసుకోండ్రి, కానీ రికవరీ నంబరు ఇంట్ల ఎప్పుడూ ఉండే ఫోన్‌ది ఇయ్యుండ్రి. రెండేండ్లు తెరవకుండ పెడితే గూగుల్ ఆ అకౌంట్‌ను తీసేయొచ్చు, కాబట్టి మధ్యమధ్యల లాగిన్ కావాలె. సెంటర్ల లాగిన్ అయితే ఇన్‌కాగ్నిటో విండోల తెరిచి, వచ్చేటప్పుడు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ల నుంచి ఆధార్, మెమోలు తీసేసి రావాలె. ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పేరుల మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. అది ఎవరికైనా తెలిసేదే, పాస్‌వర్డ్ ఉంది కదా అని నిమ్మళంగ వదిలేయొద్దు.

మోడరేటర్

ఇద్దరు తమ మెయిల్ ఐడీలు, ఫోన్ నంబర్లు పోస్ట్ చేశారు, తీసేశాం. స్క్రీన్‌షాట్ పెడితే అడ్రస్‌లు చెరిపి పెట్టండి.

నల్లగొండ_ట్యాక్స్

మిల్లులకు జరుగుతున్న పెద్ద మోసం గురించి కూడా రాస్తాను. మీకు సరుకు అమ్మే పార్టీ నుంచి మెయిల్ వస్తుంది: "మా బ్యాంకు మారింది, ఈసారి ఈ ఖాతాకు వేయండి." ఇన్‌వాయిస్ నంబరు, మొత్తం, సంతకం అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఎందుకంటే దొంగ ఎవరిదో ఒకరి మెయిల్‌లో ముందే కూర్చుని అన్నీ చదువుతుంటాడు. పాలమూరు గారు మొదట్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడమన్నది దీనికి కూడా పనికొస్తుంది.

పేరు మీద కర్సర్ పెట్టి అసలు అడ్రస్ చూడాలి. ఇంగ్లిషులో ఆర్, ఎన్ పక్కపక్కన ఉంటే ఎం లాగే కనిపిస్తుంది. మూడు చుక్కల్లో "షో ఒరిజినల్" తెరిస్తే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలు) పాస్ అయ్యాయో లేదో ఉంటుంది. ఫెయిల్ అయితే అనుమానించాల్సిందే. పాస్ అయినంత మాత్రాన నమ్మకూడదు: దొంగ తాను కొన్న పోలిక డొమైన్‌కు కూడా పాస్ వస్తుంది, పార్టీ సొంత మెయిల్‌నే దొంగిలిస్తే అన్నీ పాసే. అందుకని ఖాతా నంబరు మారిందన్న ప్రతిసారీ మీ లెడ్జర్‌లో పాతగా ఉన్న నంబరుకు ఫోన్ చేసి మాట్లాడాలి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. డబ్బు వెళ్లిపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, మీ బ్యాంకుకు ఫోన్, తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఇంకో ఖాతాకు, ఇంకో ఖాతాకు మారిపోతుంది. ఆ మెయిల్‌ను డిలీట్ చేయకండి, ఒరిజినల్‌ను డౌన్‌లోడ్ చేసి ఉంచండి.

మిల్లు_లెక్కలు

అందరికీ థాంక్స్. టేకౌట్ దించుకున్నం, థండర్‌బర్డ్‌ల తెరుచుకుంది. ట్రాష్ ఖాళీ చేసినంక 9 జీబీకి దిగింది, సగం వాట్సాప్ బ్యాకప్‌దే. డెలిగేషన్ ముగ్గురికి ఇచ్చినం. ఇప్పుడు పాలమూరు అన్న చెప్పినట్టే స్కానర్ ఆగింది. పాస్‌వర్డ్ కొత్తది కొట్టినా తప్పు అంటున్నది.

పాలమూరు_సిస్టమ్స్

కొత్త పాస్‌వర్డ్ కొట్టినా పోదు. మామూలు అకౌంట్లకు 2022 మే 30 నుంచి అట్ల ఉత్త పాస్‌వర్డ్‌తో లాగిన్ కానీయరు. టూ స్టెప్ ఆన్‌ల ఉంది కాబట్టి గూగుల్ అకౌంట్‌ల "యాప్ పాస్‌వర్డ్స్" అని వెతికి ఒకటి చేసుకోండ్రి. పేరు "స్కానర్" పెట్టుండ్రి. 16 అక్షరాలు ఒక్కసారే చూపిస్తది, మధ్యల కనిపించే ఖాళీలు వదిలేసి స్కానర్ పాస్‌వర్డ్ దగ్గర కొట్టాలె. ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే) సర్వర్ జీమెయిల్‌దే, పోర్ట్ 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్, 587 అయితే టీఎల్‌ఎస్. రెండూ కలిపి ఉల్టా పెడితే కనెక్ట్ కాదు. "ఫ్రమ్" అడ్రస్ దగ్గర మిల్లు ఐడీయే ఉండాలె.

ఇంకా పోకపోతే స్కానర్‌ల తేదీ, టైమ్ చూడుండ్రి. కరెంటు పోయి వచ్చినంక పాత తేదీకి పోయి ఉంటే సెక్యూర్ కనెక్షన్ ఒప్పుకోదు. రేపు మళ్లీ అకౌంట్ పాస్‌వర్డ్ మారిస్తే ఈ యాప్ పాస్‌వర్డ్ కూడా పోతది, కొత్తది చేసుకోవాలె. స్కాన్ 200 డీపీఐ, గ్రే, పీడీఎఫ్. కలర్ 600 మీద పెడితే పది పేజీలకే 18 ఎంబీ దాటిపోతది.